గూబ వాలిన ఇల్లు

జై ఆంధ్ర ఉద్యమం జరుగుతున్న చలికాలం అది. బళ్ళు మూశారు, ఆఫీసులు మూశారు, రైలు నడిస్తే నడిచినట్టు, లేకపోతే లేనట్టు. తెనాలిలో మా వీధి మగవాళ్ళకు చేతినిండా పని లేకపోయేసరికి ఎదుటివాళ్ళ ఇంట్లో ఏం జరుగుతోందో చూడటమే పనైపోయింది. ఆడవాళ్ళకు ఆ పని ముందునుంచీ ఉన్నదే. అలాంటి రోజుల్లో, మా ఎదురింటి మేడమీద అద్దెకున్న ఆశీర్వాదం మాస్టారు పొద్దు వాలగానే వరండాలో పడక్కుర్చీ వేసుకుని, గదిలో లైటు ఆర్పేసి, మా ఇంటివైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆయన సైన్సు మాస్టారు. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. తల్లి అన్నమ్మతో కలిసి ఉండేవాడు. బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చాడని చెప్పుకునేవారు. పేరులోనే మతం, దాని వెనక కులం తెలిసిపోతున్నాయి గనక వీధిలో ఎవరూ ఆ రెండూ అడగలేదు. ఇంటి యజమాని వెంకట్రామయ్య బాబాయి మాత్రం, అతను గొంతెత్తి మాట్లాడడు, గోడకి మేకు కొట్టడు, నాకంతే చాలు అనేవాడు.

ఆ కుర్చీని మొదట కనిపెట్టింది మా వదిన. మా అన్నయ్య ప్రకాశరావుకు ఎరువుల కొట్టు ఉండేది. ఆయన పొద్దున్నే కొట్టుకు పోయేవాడు, వదిన వంటింట్లోంచి కదిలేది కాదు, అయినా వీధిలో చీమ చిటుక్కుమంటే ముందు ఆవిడకే తెలిసేది. ఎదురింటాయన రోజూ ఝాన్సీ కిటికీ వంకే చూస్తున్నాడని అమ్మ చెవిన వేసింది. మా అమ్మ కోటేశ్వరమ్మకు ఆ మాత్రం చాలు. అసలే ఆవిడకు పాలవాడు నవ్వితే ఒక అనుమానం, నవ్వకపోతే ఇంకో అనుమానం.

ఝాన్సీ అంటే నేనే. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బియ్యే చదివి ఇంట్లో కూర్చున్నాను. బాపట్ల నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. రైళ్ళు సరిగ్గా నడవడం మొదలుపెట్టగానే వాళ్ళు పెళ్ళిచూపులకు వస్తామన్నారు. అంతదాకా నామీద ఈగ వాలకుండా చూడటం అమ్మ పెట్టుకున్న ఉద్యోగం. ఊళ్ళో అన్ని ఉద్యోగాలూ సమ్మెలో ఉన్నా అమ్మ ఉద్యోగం మాత్రం సెలవు లేకుండా సాగింది.

మాది పాతకాలపు పెంకుటిల్లు. నడిమిల్లు పెద్దది, దాని చుట్టూ గదులు, పైన అటక. వీధివైపు గోడ పైకి పోయి త్రికోణంగా ముగుస్తుంది, అక్కడ గాలి కోసం వదిలిన కంత ఒకటుంది. సరిగ్గా ఆ కంత కిందే నా గది కిటికీ. వదిన చెప్పిన సాయంత్రమే నేను కిటికీ రెక్క వారగా తీసి చూశాను. మాట నిజమే. మాస్టారు రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, కన్ను ఆర్పకుండా ఇటే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. చదువు చెప్పే మనిషికి ఇదేం బుద్ధి అనుకున్నాను. కోపం కోపమే గానీ, మర్నాటి సాయంత్రం నేను జడ విప్పి రెండోసారి వేసుకున్నమాట కూడా నిజం. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే చిక్కుపడిందని చెప్పేదాన్ని.

కిటికీ దగ్గర నిలబడవద్దని అమ్మ ఆజ్ఞ వేసింది. అన్నయ్య చెవిన ఇంకా వెయ్యలేదు. అన్నయ్యకు ముక్కుమీద కోపం, పైగా ఆ రోజుల్లో కొట్టు సరిగ్గా సాగక ఎవరిమీద చూపించాలా అని కాచుకుని ఉన్నాడు.

ఇది ఇలా ఉండగా అటకమీద బుసలు మొదలయ్యాయి. మసక చీకటి పడేవేళ పైనుంచి బుస్సుమని ఒక చప్పుడు, కాసేపాగి ఇంకొకటి. ఇంట్లో ఎలకలు ఉన్నట్టుండి తగ్గిపోయాయి కూడా. అమ్మ రెండూ కలిపి లెక్క తేల్చేసింది. పైన నాగేంద్రస్వామి వచ్చి ఉన్నాడు, ఆయనంతట ఆయన పోయేదాకా ఎవరూ అటక ఎక్కకూడదు. వదిన భయపడి పాములవాణ్ణి పిలిపిద్దామంటే అమ్మ కయ్యిమంది. కడుపు పండాల్సిన ఇంట్లో నాగదోషం తెచ్చిపెడతావా అని కేకలేసింది. రోజూ సాయంత్రం నిచ్చెన మొదట్లో గిన్నెతో పాలు పెట్టి దణ్ణం పెట్టుకునేది. పాలు మా పిల్లి తాగేది. తెల్లారి ఖాళీ గిన్నె చూసి అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకునేది.

స్వామిని నమ్మిన అమ్మ మనుషుల్ని మాత్రం నమ్మలేదు. మార్గశిరంలో ఒకరోజు పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లుతూ, నా కిటికీ కింద ఏదో నల్లటి ఉండ కనబడితే పుల్లతో కదిపి చూసింది. అందులో బొచ్చు, బొచ్చులో సన్నటి ఎముకలు. మర్నాడు ఇంకో రెండు. అమ్మ మొహం పాలిపోయింది. చూసిన వాళ్ళెవరికైనా ముందు తోచే మాటే తోచింది. ఎవరో చేతబడి చేయిస్తున్నారు. ఎవరు చేయిస్తారు? బాపట్ల సంబంధం చెడగొట్టాలని మా పెదనాన్న కూతుళ్ళా, ఇంట్లో పెత్తనం కోసం వదిన పుట్టింటివాళ్ళా? వదిన మీద అనుమానం వచ్చినట్టు వదినకు అనుమానం వచ్చింది. ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు మటుకు అమ్మే ఏదో దాస్తోందనిపించింది. ఒకే కప్పు కింద నలుగురం, ఒకరు పెట్టిన కూర ఒకరు వాసన చూసి తినే దశకు వచ్చాం.

గుమ్మానికి నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కట్టిన మూడోనాడో నాలుగోనాడో వదినే మళ్ళీ చూసింది. తెల్లవారీ తెల్లవారకముందే ఆశీర్వాదం మాస్టారు వీధి దాటి వచ్చి, నా కిటికీ కింద వంగి, ఆ ఉండల్ని కాయితంలో ఏరుకుని పొట్లం కట్టి పట్టుకుపోతున్నాడట. వేసినవాడే తీసుకుపోతాడా, తీసుకుపోయి ఇంకేం చేస్తాడు అని ఎవరూ ఆలోచించలేదు. వేయడం అన్నమ్మ, ఏరుకోవడం కొడుకు అని అమ్మ తేల్చింది. పిల్లని వశం చేసుకోవడానికట. సాయంత్రం చూపులు, పొద్దున బొచ్చు, రెండూ ఒకే తాటికి ముడిపడ్డాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్యకు అంతా చెప్పేశారు. అన్నయ్య చేతబడి సంగతి కొట్టిపారేశాడు గానీ కిటికీ మాట వినగానే తింటున్న చెయ్యి ఆపి నా వంక చూశాడు. మాస్టారి వంక చూడాల్సిన చూపు అది. ముందు నామీద పడింది.

ఆ మర్నాటినుంచి నా కిటికీకి లోపలినుంచి మేకు కొట్టేశారు. అదే మంచిదైంది. కిటికీ మూసి ఉండగా, ఒక సాయంత్రం నేను పాలచెంబు పట్టుకుని వీధి గేటు దగ్గర నిలబడ్డాను. కరెంటు పోయి ఉంది. పైన వరండాలో మాస్టారు మామూలుగానే కుర్చీలో కూర్చుని మామూలుగానే చూస్తున్నాడు. కిటికీ మూసి ఉంది, గదిలో ఎవరూ లేరు, నేను ఇక్కడ గేటు దగ్గరే ఉన్నాను. మరి ఈ మనిషి ఎవర్ని చూస్తున్నట్టు? ఆయన చూపు పట్టుకుని నేనూ తల తిప్పాను. ఆ చూపు కిటికీ మీద లేదు, కిటికీకి రెండు బారల పైన, కంత దగ్గర ఉంది. అక్కడ తెల్లగా ఏదో కదిలింది. ఒక మొహం బయటికి వచ్చి అటూ ఇటూ తిరిగింది. తరవాత మొత్తం పిట్ట కంతలోంచి జారి, రెక్కలు విప్పి, నా తలమీదుగా కాలవ వైపు పోయింది. అంత పిట్ట ఎగిరితే ఆకు కదిలినంత చప్పుడైనా లేదు. అది పోగానే లోపలినుంచి బుసలు మొదలయ్యాయి. ఒకటి కాదు, మూడో నాలుగో గొంతులు.

గుడ్లగూబ, దాని పిల్లలు. ఆ ఉండలు అది తిని అరగక కక్కిన ఎలకల బొచ్చు, సైన్సు మాస్టారు ఏరుకుపోయింది అదేం తింటోందో చూడటానికి. అమ్మ నాగేంద్రస్వామి, చేతబడి, అన్నయ్య కోపం, అన్నీ ఒక్క క్షణంలో తేలిపోయాయి. నేను గేటు పట్టుకుని ఒక్కదాన్నే నవ్వాను. నవ్వు ఆగాక అసలు సంగతి తట్టింది. నెలరోజులుగా ఆ మనిషి చూస్తున్నది నన్ను కాదు. రెండో జడ ఎవరికోసం వేసుకున్నట్టు? సిగ్గుతో నా మొహం నాకే వేడెక్కింది.

మావైపు గూబ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చూరులోనో అటకమీదో చేరితే ఎండుమిరపకాయల పొగ పెట్టి తరిమేస్తారు, పిల్లలుంటే కర్రతో కొట్టి పారేస్తారు. అదే ఇంటి లోపలికి వచ్చి వాలిందా, దాన్ని ముట్టుకోకూడదు, తరమకూడదు. ఉన్నవాళ్ళు ఉన్నట్టు బయటికి వచ్చి తాళం వేసి, ఆర్నెల్లు ఆ ఇల్లు పాడుపెట్టాలి. దీపం పెట్టకూడదు, చీపురు వెయ్యకూడదు. ఆర్నెల్ల తరవాత శాంతి చేయించి, పాలు పొంగించుకుని మళ్ళీ చేరాలి. కర్లపాలెంలో మా పెద్దమ్మ పేరమ్మ ఇంట్లో వంటింటి గూట్లో గూబ కూర్చుంటే, వాళ్ళు పొయ్యిమీద అన్నం పొయ్యిమీదే వదిలేసి వచ్చేశారు.

మర్నాడు పొద్దున తోడు కావాలని గిన్నె పట్టుకుని వెంకట్రామయ్య బాబాయి ఇంటికి వెళ్ళాను. మా ఇంట్లో పెరుగుందో లేదో దారిలో ఎవరూ అడగలేదు. మాస్టారు మెట్ల కింద సైకిలుకి గాలి కొడుతున్నాడు. మెట్ల మీద అన్నమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"మాస్టారూ, మీరు చూసేది మా అటకలో గూబల్నేనా?" అని అడిగాను.

ఆయన చేతిలో పంపు ఆగిపోయింది. "ఎవరికైనా చెప్పారా అండి?" అన్నాడు.

చెప్పలేదన్నాను. మావాళ్ళు ఆయన గురించి ఏమనుకుంటున్నారో తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. కుర్చీ లోపల వేసుకోమని తల్లి రోజూ పోరు పెడుతోందని చెప్పాడు. అన్నమ్మ తలెత్తకుండానే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మరి ఉన్నమాట చెప్పెయ్యొచ్చుగా?"

"చెబితే మీ అన్నగారు ఏం చేస్తారండి?"

ఏం చేస్తాడో నాకు తెలుసు. సాయంత్రానికల్లా కుంపటి, మిరపకాయలు అటక కింద ఉంటాయి.

"పిల్లలు ఇంకా ఎగరలేవండి. ఇంకో నెల పడుతుంది" అన్నాడు. మళ్ళీ తనే, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు, "ఊరంతా అరుపులండి ఇప్పుడు. అవి చప్పుడు చెయ్యకుండా పోతాయి, చప్పుడు చెయ్యకుండా వస్తాయి. కాసేపు చూస్తే ప్రాణానికి హాయిగా ఉంటుంది" అన్నాడు.

గూబ పిల్లల కోసం తన్నులు తింటారా అని గట్టిగానే అడిగాను. అంతదాకా రాదనుకుంటున్నానని నవ్వబోయి మానేశాడు. మాట్లాడినంతసేపూ నా మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు. మర్యాద కొద్దీనో భయం కొద్దీనో తెలియదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది, ఇంకా ఏదో కూడా అయింది. దానికి పేరు పెట్టే ధైర్యం ఆ రోజు నాకు లేదు.

గిన్నెలో తోడు పోయించుకుని గేటు దాటేసరికి మా అరుగు మీద వదిన నిలబడి ఉంది. ఇంట్లో రెండు గిన్నెల పెరుగు పెట్టుకుని ఎదురింటికి తోడుకి వెళ్ళడమేంటని అమ్మ ఆరా తీసింది. నేను ఏదో చెప్పాను, అమ్మ ఏదీ నమ్మలేదు. ఇక నేను నిజం చెప్పే దారి కూడా మూసుకుపోయింది. ఆయన చూసేది గూబలనని చెబితే, ఆ సంగతి నీకెలా తెలుసు, ఎప్పుడు మాట్లాడావు, ఇంకేం మాట్లాడావు అంటారు. గూబలూ దక్కవు, మాస్టారూ దక్కడు, నేనూ దక్కను.

రెండు రోజులు ఇల్లంతా బిగబట్టుకుని ఉంది. మూడో సాయంత్రం అన్నయ్య కొట్టు త్వరగా కట్టేసి వచ్చాడు. వెంట కొట్టు దగ్గరి స్నేహితులు ఇద్దరు, పక్కింటి రాఘవయ్య వచ్చారు. రాఘవయ్య చేతిలో కర్ర ఉంది. కర్ర ఎందుకని వెంకట్రామయ్య బాబాయి అడిగితే వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయన్నాడు. నలుగురూ బాబాయి అరుగు ఎక్కి, మాస్టార్ని కిందికి రమ్మన్నారు. నేను నా గదిలో, మేకు కొట్టిన కిటికీ సందులోంచి చూస్తున్నాను. ఆయన దిగి వచ్చాడు. అన్నమ్మ వెనకే వచ్చి ఆఖరి మెట్టు మీద కూలబడింది.

అన్నయ్య మొదట ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఎందుకు చెయ్యాలో చెప్పమని బాబాయి అడిగాడు. ఎందుకో ఇతన్నే చెప్పమను, రోజూ సాయంత్రం మా ఇంటివైపు ఏం చూస్తున్నాడో వాడి నోటితోనే చెప్పమను అన్నాడు అన్నయ్య. 'ఇతను' పోయి 'వాడు' రావడానికి ఒక్క వాక్యం చాలింది. మాస్టారు తల వంచుకుని నిలబడ్డాడు. మాట్లాడకపోవడమే ఒప్పుకోవడమని రాఘవయ్య పెద్దగా అన్నాడు. అన్నయ్య ఒక మెట్టు దిగి ఆయన చొక్కా కాలరు పట్టుకున్నాడు.

ఆ కర్ర ఒక్కసారి లేచిందంటే ఆగదని నాకు తెలుసు. ఆ పేరు ఉన్న మనిషి మీద లేచిన కర్రని ఆపే నాథుడు మా వీధిలో లేడు. నడిమింట్లోకి పరిగెత్తాను. అమ్మ దీపం పెట్టడానికి అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. బయటి మాటలు ఆవిడకీ వినబడుతూనే ఉన్నాయి.

"అమ్మా, గూబ వచ్చింది. నడిమింట్లోకి వచ్చి దూలం మీద వాలింది" అన్నాను.

అమ్మ తలెత్తి దూలం వంక చూసింది. దూలం మీద ఏమీ లేదు. ఇప్పుడే అటకవైపు పోయిందని చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. అమ్మ దూలం మీంచి చూపు దించి నన్ను చూసింది. అంతలో ఎదురింటి అరుగు మీద అన్నమ్మ కొడుకు పేరు పెట్టి పిలిచింది. అమ్మ అగ్గిపెట్టె చేత్తోనే పట్టుకుని వీధి గుమ్మం దాటి వెళ్ళింది.

"ప్రకాశం, ఇటు రా" అంది. "నడిమింట్లో గూబ వాలింది. నేను చూశాను."

అన్నయ్య చెయ్యి కాలరు వదిలేసింది. అందరూ ఒక్క పరుగున వచ్చారు, వచ్చి మా గుమ్మం బయటే ఆగిపోయారు. కర్ర పట్టుకున్న రాఘవయ్య అందరికంటే వెనక నిలబడ్డాడు. ఎక్కడ, ఎటు పోయింది అని తలా ఒకమాట అడుగుతుండగానే, రోజూ వచ్చే వేళకి రోజూ వచ్చినట్టే అది కంతలోంచి వచ్చింది. తెల్లటి మొహం, తెల్లటి పొట్ట. అందరి నెత్తిమీదుగా నెమ్మదిగా ఎగిరి కాలవ వైపు పోయింది. రాఘవయ్య కర్ర అక్కడే వదిలేసి రామ రామ అంటూ వాళ్ళింట్లోకి పోయాడు. వెంకట్రామయ్య బాబాయికి మాత్రం వెంటనే వెలిగింది.

"ఏమయ్యా మాస్టారూ, ఇన్నాళ్ళూ నువ్వు చూస్తోంది దీన్నా?" అని అడిగాడు.

"అవునండి. చెబితే వీళ్ళు ఇల్లు విడిచి పోవాల్సి వస్తుందేమోనని చెప్పలేకపోయానండి" అన్నాడు మాస్టారు. ఆయనా నేనూ ముందు అనుకుని చెప్పినా అంత చక్కగా కుదిరేది కాదు.

అన్నయ్య క్షమించమని అడగలేదు. మా ఇంట్లో మగవాళ్ళకి ఆ అలవాటు లేదు. నలిగిన కాలరు వంక ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. పురోహితుడు వచ్చి ఆర్నెల్లు పాడుపెట్టమన్నాడు. లోపల ఉన్నదాన్ని కదపడం, పొగ పెట్టడం మహాదోషమని కూడా అన్నాడు. నాకు కావలసింది ఆ రెండోమాటే. ఇన్నాళ్ళూ పాలు పోసింది గూబకా అని అమ్మ ఒక్కసారి తల కొట్టుకుంది, అంతకుమించి ఏమీ అనలేదు.

మర్నాడు మేం ఇల్లు ఖాళీ చేశాం. అన్నయ్యా వదినా కొట్టు పైన ఉన్న రెండు గదుల్లోకి మారారు. అమ్మా నేనూ రేపల్లెలో మా బాపయ్య బాబాయి ఇంటికి బయల్దేరాం. రైలు లేకపోతే వడ్లబస్తాలు దింపి ఖాళీగా పోతున్న లారీ మాట్లాడారు. సామాను ఎత్తడానికి వీధిలో ఎవరూ చెయ్యి వెయ్యలేదు, గూబ వాలిన ఇంటి సామాను మరి. మాస్టారు ఒక్కడే వచ్చి ట్రంకుపెట్టె, బిందెలు లారీలోకి అందించాడు. అమ్మ ముందు సీట్లో కూర్చోబోతుంటే, పక్కనుంచి మెల్లిగా, పెద్ద సాయం చేశారండి అన్నాడు. మీకోసం కాదు, ఆ పిల్లల కోసం చేశానన్నాను. రెండు రోజుల్లో నేనాడిన రెండో అబద్ధం అది.

రేపల్లెలో మాకొక గది, వసారా ఇచ్చారు. అక్కడికి చేరాక అమ్మ ఆ సాయంత్రం మాట ఎత్తలేదు. నాకు మాత్రం రోజూ అదే అనుమానం. నిజంగా చూసిందా? నా మాటకి భ్రమపడి చూశాననుకుందా? చూడకుండానే చూశానంటే అమ్మ లాంటి మనిషి ఎందుకంటుంది? అడగడానికి భయం. అడిగితే నా అబద్ధం బయటపడుతుంది. ఆవిడ నన్ను గమనిస్తోందని నాకూ, నేను ఆవిణ్ణి గమనిస్తున్నానని ఆవిడకీ తెలుసు. బాపట్ల వాళ్ళు గూబ వాలిన ఇంటి పిల్ల వద్దని కబురు చేశారు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. మంచినీళ్ళు తాగి ఊరుకుంది.

నెల గడిచాక అన్నయ్య వచ్చాడు. కొట్టు పైనే బాగుంది, ఆర్నెల్లు దాటినా తాము అక్కడే ఉండిపోతామని చెప్పడానికి వచ్చాడు. అంటే ఇక పొయ్యిలు రెండు. అమ్మ సరేనంది. ఆ తరవాత అన్నయ్య మన కొంప సినిమాహాలు అయిపోయిందని విసుక్కున్నాడు. గూబ పిల్లలు పెద్దవై, చీకటి పడేవేళ బయటికి వచ్చి కప్పు మీద వరసగా కూర్చుంటున్నాయట. లోపల ఎవరూ లేరు గనక జనానికి భయం పోయిందట. వెంకట్రామయ్య బాబాయి అరుగు మీద, మేడమీద, గోడల మీద వీధి వీధంతా చేరి చూస్తున్నారట. రాఘవయ్యే అందరికంటే ముందు కుర్చీ తెచ్చుకుంటున్నాడట. ఏది తల్లి, ఏది పిల్ల అని ఏదన్నా అడగాలంటే అందరూ మాస్టారూ మాస్టారూ అంటున్నారని చెప్పి, అన్నయ్య కాఫీ తాగి బస్సుకు వెళ్ళిపోయాడు.

అమ్మ వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను. తలెత్తకుండానే మాట్లాడింది.

"ఆ రోజు దోమలొస్తాయని నడిమింటి తలుపులు, కిటికీలు, అటక తలుపుతో సహా అన్నీ నేనే మూశానే."

"మరి చూశానన్నావుగా?" అన్నాను.

"చూశాను. నీ మొహం చూశాను."

"తెలిసే ఇల్లు వదిలేశావా?"

"గూబ దూరితే ఆర్నెల్లకి శాంతి చేసుకుని మళ్ళీ చేరొచ్చు. ఒక మనిషిని మన గుమ్మం ముందు కొట్టి చంపితే, నీమీద మాట వస్తే, వాటికి శాంతి ఏ బ్రాహ్మడు చేయిస్తాడు?" అంది అమ్మ. చేట రెండుసార్లు చెరిగి, ఊక ఊదేసి, అప్పుడు తలెత్తి నావంక చూసింది. "ఇంతకీ అతను చూసింది గూబనేనా?" అని అడిగింది.

"గూబనే అమ్మా" అన్నాను.

అమ్మ నమ్మలేదు. జీవితంలో మొదటిసారి, ఆవిడ నన్ను నమ్మనందుకు నాకు సంతోషం వేసింది.